గవ్వ వాటా

ఆదివారం ప్లే డే.
ఐదో నంబర్ బాయికి సెలవు, నా దగ్గుకు లేదు.
చీకటి ఇంకా ఇడువకముందే
ఎక్సెల్ బండి ముందట గోనెసంచి పరిచిన.
ఒకప్పుడు స్టాండు తియ్యకముందే ఎక్కి కూసునేది గవ్వ.
ఇప్పుడు నడుము కింద చెయ్యేసి లేపాలె.
లేపుతుంటే మొఖం పక్కకు తిప్పుకుంటది,
బస్సుల ఎవలన్న సీటిస్తే నామోషీ పడే
ముసలి హెడ్‌మాస్టరు లెక్క.

పదమూడేండ్లు దానికి.
ఎడమ చెవి మీద తెల్ల మచ్చ, గవ్వ బోర్లేసినట్టు.
ఎవలూ నేర్పలే.
ఏడో నెలల, పరికికంప ముందట
నడుస్తున్నదల్లా ఆగి
ముందరి కాలొకటి మడిచి, తోక బిగబట్టి
గాలిలకు ముక్కు గుచ్చి నిలవడ్డది.
పామేమో అనుకొని నేను రాయి తీసిన.
కంపలకెల్లి ఏడు కౌజులు
పటాకుల లడి అంటుకున్నట్టు లేచినయ్.
ఆ పొద్దుటి నుంచి నేను రాయి ముట్టలే.

చెల్పూరు పొగగొట్టాలు ఎనుక పడ్డంక
మోదుగు గుట్ట, ఏరిడిసిన పత్తి చేన్లు.
ఓదెలు ముందే వచ్చి కూసున్నడు,
ఫోన్ల కౌజు కూత పెట్టుకొని.
"మామా, కండ్లు పాయె, చెవులు పాయె,
దీన్ని మెడికల్ బోర్డుకు పంపు, అన్‌ఫిట్ చేస్తరు" అన్నడు.
నవ్విన.
నా ఫైలు కూడ ఆడనే ఉన్నది.

బాయిల నాదీ ఇదే పని.
కప్పు కింద నిలవడి కర్రతోని తట్టుడు.
గట్టిగ పలికితే ముందుకు,
బోలుగ పలికితే బతుకు జీవుడా అని ఎనుకకు.
నెత్తికి దీపముంటది గని సూసేది చెవి.
అందుకేనేమో
నీలం పొర కమ్మిన కండ్లతోని
గవ్వ గట్టెంబడి పోతుంటే నాకు జాలి కాలే.
చీకట్ల పని ఎరిగినోళ్లం ఇద్దరం.

బలుసు పొద కాడ ఆగింది.
కాలు మడిచింది. ఆ కాలు వణుకుతున్నది.
తోక కొస వణుకలే.
వల సర్దుకొని నిలవడ్డ.
దగ్గు గొంతుల దాక వచ్చి, అదీ ఆగింది.

అప్పుడు నా ఎనుక, ఇరవై అడుగులల్ల
ఎండుటాకుల మీద కాళ్ల సప్పుడు.
తిరగకుంటనే తెలిసింది. కౌజులు, నాలుగో ఐదో,
బండి బాట దాటుతున్నయ్ తాపీగ,
అంగడికి పోయే ఆడోళ్లు ముచ్చట పెట్టుకున్నట్టు.
ఓదెలు చేతులు తిప్పుతున్నడు,
నోట్లకెల్లి సప్పుడు రాకుంట తిడుతున్నడు.

తిరిగితే వల నిండేది.
తిరిగితే గవ్వ కూడ తిరిగేది,
తన ముక్కు తప్పని తెలిసేది.

గవ్వ సూపెట్టిన దిక్కే సూసిన.
పొదల ఏం లేదు.
రాత్రి ఆడ పండుకున్న పిట్టల వెచ్చదనం
మట్టికి ఇంకా అంటుకొని ఉన్నదేమో,
ఉన్నా నా ముక్కుకెట్ల తెలుస్తది?
ఒక బీడీ కాలేటంత సేపు.
ఎనుక సప్పుడు చేన్లకు దిగిపోయింది.

రివాజు ప్రకారం సప్పట్లు కొట్టిన.
వల ఇసిరిన.
బలుసు ముండ్లకు తట్టుకొని చిరిగింది.
"ఎగిరిపోయినయే తల్లీ, నాదే ఆలస్యం" అన్న.
దానికి ఇనపడది గని
నా అరచెయ్యి దాని నెత్తి మీదున్నది.
అబద్ధం అట్లనే పోయి చేరింది.

చెల్పూరు దాక ఓదెలు మాట్లాడలే.

చౌరస్తాల చికెన్ సెంటర్ కాడ
పావుకిలో కార్జం తీస్కున్న.
వేటల గవ్వ వాటా ఎప్పుడూ అదే,
వేడి ఆరకముందే.
గడప ముందట కూసుండవెట్టి
"ఇగో, నీది" అని చెయ్యి చాపిన.

వాసన చూసింది.
మల్లొకసారి చూసింది.
ఏది కౌజో ఏది ఫారం కోడో
దానికి నేనా చెప్పేది?
తలెత్తి నా మొఖం దిక్కు ముక్కు పెట్టి
కదలకుంట నిలవడ్డది.
ముందరి కాలు కొంచెం మడిచినట్టే ఉండె.

ఆ తర్వాత తిన్నది.
చుట్టాలింట్ల ఉప్పు తక్కువైన కూర తిన్నట్టు
మర్యాదకు,
మెల్లగ, మొత్తం.